మోదుగులపల్లిలో ఆగిన మలారం

లతీఫున్నీసా గాజుల మలారం విప్పిందంటే మా క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లు పొయ్యి మీద కూర మాడుతున్నా సరే వచ్చి చుట్టూ కూర్చునేవాళ్లు. మా అత్త పోశవ్వ మాత్రం బిందె చంకనెత్తుకొని బయటికి నడిచేది. నల్లా రాని వేళైనా నల్లా దగ్గరికే పోయేది. మొగుడు పోయిన మనిషి గాజులు తొడిగే చోట ఉండకూడదని ఆమె పట్టింపు. "నిన్నెవ్వలు పొమ్మన్నరు అత్తా?" అని నేనొకసారి అడిగితే, "నువ్వు పొమ్మనేదాంక ఉంటనా?" అంది. మా అత్త మాటలు అట్లాగే ఉంటాయి. నావీ తక్కువేం కాదు. అందుకే మా ఇంట్లో రేడియో కొనే అవసరం రాలేదు.

మాది గోదావరిఖని. మా ఆయన రాయమల్లు బాయిలో బొగ్గు నింపుతాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో మేం ముగ్గురం. గోడకు అవతలి క్వార్టర్ ఖాజాది. అతనూ అదే బాయిలో ఫిట్టరు. లతీఫున్నీసా ఖాజాకు అక్క. బిడ్డ హాజిరాను పెట్టుకొని తమ్ముడి దగ్గరే ఉంటూ, గాజులు అమ్మి తన ఖర్చు తాను చూసుకునేది. లైనంతా ఆమెను లతీఫక్క అనేవాళ్లు. మా అత్త ఒక్కతే "బీబీ" అనేది. మూడేళ్లుగా ఇటు పెట్టిన మామిడికాయ తొక్కు అటు పోయేది, అటు చేసిన సేమ్యా ఇటు వచ్చేది. నాతో నాలుగు మాటలు మాట్లాడటానికి బద్ధకించే మా అత్త, ఆమెతో గోడ పక్కన నిలబడి షిఫ్టు కూత వేసేదాకా ముచ్చట పెట్టేది. నాకు కడుపులో మండేది, దాచుకోవడమెందుకు.

లతీఫక్క ముక్కుకు ముక్కుపుల్ల, మెడలో నల్లపూసల లచ్ఛా ఉండేవి. ముత్తయిదువ గుర్తులన్నీ ఉన్నాయి, మొగుడే లేడు. నైజాం రాజ్యం పోయిన సంవత్సరం, మలారం భుజాన వేసుకొని పల్లెల మీద గాజులు అమ్మడానికి పోయినవాడు మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. అప్పటికి హాజిరా కడుపులో ఉంది. అతని వైపు నా అన్నవాళ్లెవరూ మిగల్లేదు. ఆ గడబిడలో చచ్చిపోయి ఉంటాడని కొందరన్నారు. ఎక్కువమంది మాత్రం కరాచీ పోయి అక్కడ ఇంకొకామెను చేసుకున్నాడన్నారు. లతీఫక్క ఎవరి మాటా వినలేదు. "వస్తడు" అనేది. ఆ ఇంట్లో ఆయన గురించి ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట ఉండకూడదు. హాజిరా కూడా ఏమీ అడగకూడదు.

ఆ మాటే పిల్ల పెళ్లికి అడ్డం పడింది. వచ్చిన ప్రతి సంబంధమూ తండ్రి ఉన్నాడా లేడా అనే దగ్గర ఆగేది. లేకపోతే నిఖాలో తండ్రి పేరుకు మర్హూమ్ అని చేర్చి చదవాలి, చనిపోయినవాడని అర్థం. "బతికున్న మనిషిని నా నోటితోటి ఎట్ల చంపుకుంట?" అనేది లతీఫక్క. అట్లా వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. చివరికి మంచిర్యాల నుంచి నజీర్ అనే మెకానిక్ సంబంధం వచ్చింది. పిల్లవాడు నెమ్మదస్తుడు, హాజిరాను చూసి మనసుపడ్డాడు. రంజాన్ నెల పడకముందే నిఖా అనుకున్నారు. కానీ అతని పెద్దమ్మ బస్సెక్కబోతూ ఒక పుల్ల పెట్టి పోయింది. "తండ్రి సంగతి తేల్చుండ్రి. సచ్చిపోతే సచ్చిపోయిండని చెప్పుండ్రి. విడిచిపెట్టి పోయినోని బిడ్డ అంటే మావోళ్ళల్ల తలెత్తుకోలేం" అంది.

హాజిరా ఆ రోజంతా కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. ఆ పిల్ల తల్లి మీద ఒక్కసారైనా అరిచి ఉంటే బాగుండునని నాకనిపించింది.

స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేళ్లయిందని ఖనిలో సంబరాలు చేసింది ఆ ఏడే. చౌరస్తాలో జెండాలు కట్టి, ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు మైకులో చదివారు. మా అత్త గడపలో కూర్చొని చివరిదాకా వింది. మైకు ఆగాక "మనూరు రాలే" అని లేచి లోపలికి పోయింది. ఆ ఊరు మోదుగులపల్లి, మంథని దారిలో ఉంటుంది. మా మామ అక్కడ నైజాం ఫౌజు తుపాకులకు పోయాడని నాకు తెలుసు. అంతకు మించి అడిగితే "పొయ్యి చూసుకో పో" అనేది. చిన్న ఊరి చావులు మైకుల దాకా ఎందుకొస్తాయి? తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాతి వారమే నాకు ఏడో నెల గాజులు తొడిగించారు. మలారం తెరిచే వేళకు కుండపోతగా వాన. బిందె పట్టుకొని గడప దాటబోయిన మా అత్త తడిసి వెనక్కి వచ్చింది. ఇక చేసేదిలేక వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. లతీఫక్క నా చెయ్యి పట్టుకొని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. నా చేతులు మొండివి, చిన్నప్పటి నుంచీ గాజులంటే ఏడుపే.

"బొగ్గు నింపేది మీ ఆయన గదనే, నీ చెయ్యేంది గింత గట్టిగున్నది?" అంది. అందరూ నవ్వారు. ఆమె నా బొటనవేలి మొదలు నొక్కిపట్టి, ఉన్నట్టుండి నా కళ్లలోకి చూసి గొంతు తగ్గించింది. "నిజం చెప్పు సారలమ్మా. మీ అత్త మంచిదా, గయ్యాలా?"

నేను వంటింటి తలుపు వైపు చూసి, ఏం చెబితే ఏమవుతుందోనని నోరు తెరిచానో లేదో, గాజు మణికట్టు దాటేసింది. నొప్పే తెలియలేదు. ఆడవాళ్లు పొట్ట చేత పట్టుకొని నవ్వారు.

"ఇది హాజిరా అబ్బా ఉపాయం" అంది, మొగుడి ముచ్చట ఎన్నడూ ఎత్తని లతీఫక్క మురిపెంగా. "ఎంత మొండి చెయ్యయినా అత్త ముచ్చట తీస్తే ఎముక మెత్తబడతదనేటోడు. ఎన్ని ఊర్లల్ల ఎందరు కోడండ్లను గిట్ల ఆగం చేసిండో!"

వంటింట్లో పెద్ద చప్పుడైంది. నేను లేచి పోయి చూస్తే బిందె బోర్లా పడి ఉంది, నీళ్లలో మా అత్త కూర్చొని ఉంది. "ఏమైందే అత్తా?" అంటే, "ఏం కాలే. పో, గాజులు ఏసుకో" అంది. ఆ గొంతు ఆమెది కాదు.

రెండు రోజులు మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైనా తినేసి చెయ్యి కడుక్కుంది. నాకు భయమేసి దవాఖానకు తీసుకుపొమ్మని మా ఆయనతో అన్నాను. మూడో రోజు ఆయన డ్యూటీకి పోగానే ఆమె ఎదురుగా చాప వేసుకొని కూర్చున్నాను. "చెప్పేదాంక లేవ. పొయ్యి కూడ ముట్టియ్య" అన్నాను. ఏ కళన ఉందో, చెప్పింది.

"శ్రావణమాసం నడుస్తుండె. మన రాజ్యం కూడ దేశంల కలవాలెనని మనూరోళ్ళు ఊరి కచ్చీరు చావడి ముంగట జెండా ఎక్కిచ్చిండ్రు. తర్వాత కొన్ని దినాలకు గాజుల సాయిబు వచ్చిండు. మనూరికి ఎన్నడు రానోడు, కొత్త మనిషి. బతుకమ్మ పండుగ దగ్గరికొస్తుందని ఆడోళ్ళందరం కూసున్నం. రాయమల్లు నా ఒళ్ళె పాలు తాగుతుండె. నాది కూడ నీ లెక్క మొండి చెయ్యే. మా అత్త నా పక్కకే ఉన్నది. 'మీ అత్త మంచిదా అమ్మా, గయ్యాలా?' అని అడిగిండు. నేను మా అత్త దిక్కు చూసేటాల్లకు గాజెక్కింది. మా అత్త సుత నవ్వింది. ఆమె నవ్వంగ నేను చూసింది ఆ ఒక్క దినమే."

కొంగుతో మూతి తుడుచుకుంది.

"పొద్దు నెత్తి మీదికి రాంగ ఫౌజొచ్చింది. జెండా ఎక్కిచ్చిన పిలగాండ్లు అప్పటికే అడివిల వడ్డరు. దొరికింది ముసలోళ్ళు, నాగలి దున్నుకునేటోళ్ళు. మీ మామ నాగలికి కర్రు బిగిస్తుండె, గట్లనే గుంజుకపోయిండ్రు. అందర్ని కచ్చీరు గోడకు నిలవెట్టిండ్రు. సాయిబును చూసి నువ్వు పో అన్నరు. మాటలు తెల్వకున్నా చెయ్యి ఊపుడు సమజైతది గద. ఆయన మలారం ఎత్తుకొని ఊరి చివరి దాంక పోయిండు. పోయి మళ్ల మర్లొచ్చిండు. ఆ పెద్ద ఫౌజాయన ముంగట నిలవడి చేతులు జోడించి ఏందో చెప్పిండు. వాళ్ళు మళ్ల పొమ్మన్నరు. ఆయన పోలే."

"మనోళ్ళను కాల్చొద్దన్నడా?"

"నాకప్పుడు ఉర్దూ ఎక్కడిదే? గట్లనే అన్నడు కావచ్చు. తెల్వంది తెల్సినట్టు నేను చెప్ప. అందర్నీ ఒక్కసారే కాల్చిండ్రు, ఆయనను కూడ." తన బోసి మణికట్టు వైపు చూసుకుంది. "పొద్దుగాల తొడిగిన గాజులు పొద్దు గూకకముందే పలగ్గొట్టుకున్నం. ఎవ్వల చేతికి చూసినా ఆయన తొడిగినయే."

ఊళ్లో మగవాళ్లు మిగల్లేదు. ఫౌజు మళ్లీ వస్తుందని భయం. ఆడవాళ్లు శ్మశానానికి పోయే ఆచారం మాలో లేదు. కానీ ఆ రోజు ఆడవాళ్లే మోశారు, ఆడవాళ్లే తవ్వారు. మా వాళ్లలో ఇంకో ఆచారం ఉంది. శవాన్ని తీసుకుపోతూ దారి మధ్యలో దించుతారు. దింపుడు కళ్లం అంటారు. అక్కడ సొంత మనిషి ఒకరు వంగి, చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా ఉంటే ఆ పిలుపుకు లేస్తాడని ఆశ. అట్లా పిలవకుండా మట్టిలో పెట్టడం ఎక్కడా ఉండదు.

"నాయినా అని పిలుస్తందుకు రాయమల్లుకు మాటలింక రాలే. వాని తరపున మీ మామను నేనే పిలిచిన" అంది మా అత్త. "ఎవ్వలోళ్ళను వాళ్ళు పిలుచుకున్నరు. సాయిబు కాడికి వచ్చేసరికి పిలిచేటోళ్ళు లేరు. పేరన్న తెల్వదాయె. మా పక్కింటి సమ్మవ్వ, ఆయన మనోడు కాదు గదా, పిలువకుంటె ఏమైతది అన్నది. నాకు మనసొప్పలే. ఏ తల్లి కొడుకో, మన గడపల పొంట తిరిగి మనతోటి పోయిండు. చెవిల నోరు పెట్టి తమ్ముడా, తమ్ముడా, తమ్ముడా అని పిలిచిన. లేవలే. ఆ దినం సంది వాడు నా తమ్ముడే."

ప్రతి ఏడూ పెత్రమాసనాడు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు, మా అత్త "తమ్మునికి" అని ఇంకో దోసెడు పోయడం నేను చూశాను. చిన్నప్పుడే పోయిన తమ్ముడెవరో ఉన్నాడనుకున్నాను. ఆమె అన్నదమ్ములను నేనెప్పుడు అడిగాను కనుక!

మా ఆయన ఇంటికొచ్చి విని తల పట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పకు అవ్వా. పెండ్లయినంక చూద్దాం" అన్నాడు. చెప్పకపోతే పెళ్లే కాదు గదా అన్నాను నేను. మా అత్త మా ఇద్దరి మాటా వినలేదు, తనలో తాను కొట్లాడుకుంటోంది. చెబితే లతీఫక్క ఇన్నేళ్లుగా పట్టుకొని బతికిన ఆశ పోతుంది. చెప్పకపోతే హాజిరా జీవితం పోతుంది. అన్నిటికన్నా ఆమెను తినేస్తున్నది ఇంకొకటి. "నమాజు లేకుండ, మనోళ్ళ లెక్క మట్టిల పెట్టినమే. ఆమె మళ్ల నా మొఖం చూస్తదా?" అంది. మా అత్త ఒకరి కోపానికి భయపడటం నేను అప్పుడే చూశాను. ఆమె మీద నాకు అంత ప్రేమ ఉందని కూడా అప్పుడే తెలిసింది.

మరునాడు మధ్యాహ్నం ఇద్దరం పక్కింటికి పోయాం. లతీఫక్క వాకిట్లో గాజులు రంగు రంగుగా విడదీసి తాళ్లకు గుచ్చుతోంది. మా అత్తకు మెల్లగా చెప్పడం రాదు.

"బీబీ, నీ పెనిమిటి మా ఊర్ల సచ్చిపోయిండు."

లతీఫక్క చెయ్యి ఆగిపోయింది. "ఎవ్వరు చెప్పిండ్రు?"

"ఎవ్వలో ఎందుకు చెప్తరు? నేనే మోసిన."

జరిగిందంతా చెప్పింది. లతీఫక్క మొహం ఎర్రబడింది. "ఖాజా చెప్పమన్నడా? మంచిర్యాలోళ్ళు మాట పంపిండ్రా? నాతోటి మర్హూమ్ అనిపియ్యాలెనని అందరు కల్సి నాటకమాడుతున్నరా? అత్త మంచిదా గయ్యాలా అన్న మాట మొన్న లైనంత విన్నది, నువ్వు తలుపెనక నుంచి విన్నవ్!" అని లేచింది. గాజుల తాళ్లు కాళ్లకు చుట్టుకొని తెగాయి.

మా అత్త కదల్లేదు. "నేను ఆయన చెవిల పిలిచిన బీబీ. ఎడమ చెవిల. చెవి తమ్మెకు తూటుండె, పూడుకపోయిన తూటు. సాయిబులల్ల మొగోళ్ళు చెవులు కుట్టిచ్చుకోరు గద, ఈయనకేంది అని గంత ఏడుపుల కూడ అనిపిచ్చింది."

లతీఫక్క నిలబడ్డ చోటే కూలబడింది.

"పుట్టిన పిల్లలు దక్కకపోతే మా అత్త దర్గాల మొక్కి చెవి కుట్టిచ్చింది. గీ సంగతి తెల్సినోళ్ళల్ల ఇప్పుడు నేనొక్కదాన్నే బతికున్న." కొంగు నోట్లో కుక్కుకొని, మళ్లీ తీసింది. "ఏ నెలన్నవ్ అక్కా?"

"శ్రావణం."

"రంజాన్ పండుగ చేసుకొని పోయిండు. అంటే నెల సుత తిరగలే." నా వైపూ మా అత్త వైపూ మార్చి మార్చి చూసింది. "కరాచీ పోలే. నన్ను విడిచిపెట్టి పోలే."

"పోలే బీబీ."

"వస్తడు, వస్తడు అని మీ అందరితోటి కొట్లాడిన గదా. నా మనసు లోపట ఏమనేదో తెల్సా? వాడు పోయిండే లతీఫా, నువ్వు వానికి నచ్చలే అనేది. పండుకున్నా లేచినా గదే పోరు. వాడు మట్టిల ఉంటే నేను ఇన్నేండ్లు వాన్ని తిట్టుకున్న అక్కా." అప్పుడు ఏడ్చింది. మా అత్త ఆమె తల ఒళ్లోకి తీసుకుంది. నేను విరిగిన గాజుముక్కలు ఏరుతూ నా ఏడుపు నేను ఏడ్చాను.

అక్కడికి ఆగి ఉంటే బాగుండేది. మా అత్తకు ఒకటి దాచుకొని ఇంకొకటి చెప్పడం చేతకాదు. "బీబీ, ఇంకొక మాట. మీ రివాజు మాకు తెల్వదు. మీ వోళ్ళు ఒక్కలు లేరాయె. నమాజు లేదు, కొత్త బట్ట లేదు. తల దక్షిణం దిక్కు పెట్టి మనోళ్ళ లెక్కనే పెట్టినం. రాయి పాతి, ఏటేటా దానికి బొట్టు కూడ పెడుతున్నం. తప్పయితే నన్ను తిట్టు" అంది.

లతీఫక్క ఒళ్లోంచి తలెత్తింది. లేచి లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ తలుపు చాలా రోజులు మా కోసం తెరుచుకోలేదు. హాజిరా నీళ్లకు వచ్చి తల దించుకొని పోయేది. మా అత్త పొద్దున గోడ పక్కన ఒకసారి నిలబడి, అవతల అలికిడి విని, మళ్లీ వచ్చి కూర్చునేది. తొక్కు గిన్నె నింపి పెట్టింది గాని ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. నాకు లతీఫక్క మీద కోపం వచ్చింది. చచ్చినవాణ్ని చేతులతో మోసిన మనిషికి ఇదేనా అనిపించింది. ఆ వెంటనే, నా మొగుణ్ని ఎవరో తమకు తెలిసినట్టు మట్టిలో పెట్టి ఉంటే నేను ఏం చేసేదాన్నని కూడా అనిపించింది.

ఒక శుక్రవారం పొద్దున్నే లతీఫక్క బురఖా వేసుకొని మా గడప ముందు నిలబడింది. వెనక ఖాజా. "పోశక్కా, నన్ను ఆడికి తీస్కపో" అంది. మా అత్త చేతిలో చీపురు అక్కడే పడేసి బయలుదేరింది. కడుపుతో ఉన్నదానివి సమాధుల దగ్గరికి రావద్దని ముగ్గురూ చెప్పారు. నేను వినే రకమా? మంథని బస్సెక్కి, దిగి, బండి కట్టించుకొని మోదుగులపల్లి చేరాం. ఊరి చివర చెలక గట్టున వరసగా రాళ్లు పాతి ఉన్నాయి. నన్ను బండిలోనే కూర్చోబెట్టారు. ఆ మాత్రం దూరం నా చెవులకొక లెక్క కాదు.

మా అత్త గబగబా ముందు నడిచి, చివరి రాయి దగ్గర వంగి, దాని మీది పసుపుకుంకుమలను కొంగుతో రుద్దడం మొదలుపెట్టింది. లతీఫక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి అక్కా. ఇన్నేండ్లు ఎవ్వలో ఒకలు ఆయనకు ఏదో ఒకటి పెట్టిండ్రు. నేనేం పెట్టిన?"

ఖాజా, లతీఫక్క చేతులు చాచి ఫాతెహా చదివారు. ఆ తర్వాత ఆమె మెడలోని లచ్ఛా విప్పి కొంగున ముడేసుకుంది. రాయి దగ్గర కూర్చొని మట్టి మీద చెయ్యి వేసి, ఇక్కడేనా నువ్వున్నది అన్నట్టు నిమిరింది. నేను బండి కంబం గట్టిగా పట్టుకున్నాను.

"ఆ దినం ఏమని పిలిచినవ్ అక్కా?"

"పేరు తెల్వకపాయె. తమ్ముడా అన్న."

"మదార్" అంది లతీఫక్క. మొగుడి పేరు నోటితో అనడం వాళ్లలోనూ లేదు, మాలోనూ లేదు. ఆమె మాత్రం మళ్లీ అంది. "ఆయన పేరు మదార్. ఒక్కపారి పేరు పెట్టి పిలువు."

మా అత్త నేల మీదికి వంగింది. "మదారూ! తమ్ముడా మదారూ!" అని మూడుసార్లు పిలిచింది. లేస్తాడని కాదు. అయినా ముగ్గురూ కాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయారు.

రంజాన్ నెలకు ముందు వారం హాజిరా నిఖా పెట్టుకున్నారు. రెండు లైన్ల మధ్య షామియానా వేసి, ఒక పక్క మగవాళ్లకు, తెర కట్టి ఇంకో పక్క ఆడవాళ్లకు చాపలు పరిచారు. లతీఫక్క వచ్చి ఎంత పిలిచినా మా అత్త రాలేదు. "శుభం జరిగే కాడ నేనెందుకు బీబీ? ఈడ కూసుండే మీ మంచి కోరుత" అని మా వంటింట్లోనే కూర్చుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఏ పెళ్లిపందిట్లోనూ కాలు పెట్టలేదు. నేను పెద్ద కడుపేసుకొని తెర వెనక హాజిరా పక్కన చేరాను.

ఖాజీ సాబ్ పిల్లవాడి వివరాలు రాసుకొని, పిల్ల తండ్రి పేరు అడిగాడు. ఖాజా "షేక్ మదార్" అన్నాడు. ఖాజీ తలెత్తి, ఆయన ఉన్నారా అని అడిగాడు. ఖాజా తెర వైపు చూశాడు. ముసుగు కింద నుంచి హాజిరా నా కొంగు పట్టుకుంది.

"మర్హూమ్" అంది లతీఫక్క తెర వెనక నుంచి.

నజీర్ పెద్దమ్మ ఆ మాత్రానికి ఊరుకుంటుందా? "ఇన్నేండ్లు వస్తడన్నరు, ఇయ్యాల పోయిండంటున్నరు. ఎవ్వలు చూసిండ్రమ్మా? గీ మాట చెప్పెటందుకు తండ్రి తరపు మనిషి ఒక్కలన్న ఉన్నరా?" అంది. నా నాలుక దురద పెట్టింది గాని, లతీఫక్క నాకన్నా ముందే లేచింది.

"ఉన్నది."

తెర పక్కకు తోసి, మగవాళ్ల చాపల మీదుగా నడిచి మా ఇంట్లోకి పోయింది. తిరిగొచ్చేటప్పుడు మా అత్త చెయ్యి ఆమె చేతిలో ఉంది. మా అత్త కాళ్లు వెనక్కి గుంజుతున్నాయి. బొట్టులేని నుదురు, బోసి చేతులు, గోచి పెట్టి కట్టిన మాసిన చీర, వేళ్లకు పిండి. పెళ్లివాళ్లంతా నోళ్లు తెరిచి చూస్తున్నారు.

"హాజిరా ఫుఫ్ఫీ" అంది లతీఫక్క అందరికీ వినపడేటట్టు. "హాజిరా అబ్బాకు అక్క. ఆయన పోయిన కాడ ఉన్నది ఈమెనే."

ఖాజీ ముసలాయన. కళ్లద్దాలు సవరించుకొని, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

నాతో మాటకు మాట వేసే మా అత్త లతీఫక్క వైపు చూసింది. "నా తమ్ముడే" అంది చివరికి. "మా ఊర్ల ఫౌజోళ్ళు కాల్చిండ్రు. పొమ్మన్నా పోలే, మా వోళ్ళతోటే నిలవడ్డడు. నా చేతులతోటే మట్టిల పెట్టిన."

ఖాజీ సాబ్ పెదవుల్లో ఏదో చదువుకొని, కలం సిరాలో ముంచి రాశాడు. నజీర్ పెద్దమ్మ తాను కూర్చున్న చాప మీద జరిగి, పిల్ల పక్కన చోటు చేసింది. "నిలవడ్డవేందమ్మా, రా. ఫుఫ్ఫీ కూసునే జాగ గదే" అంది.

మా అత్త నా వైపు చూసింది, పోవాలా వద్దా అన్నట్టు. జీవితంలో మొదటిసారి ఆమె నన్ను ఒకటి అడిగింది. నేను తలూపాను. వచ్చి కూర్చుంది. హాజిరా ముసుగు కొంచెం ఎత్తి, పిండి అంటిన ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఫుఫ్ఫీ, మా అబ్బా ఎట్లుండె?" అంది.

ఇరవై మూడేళ్లుగా ఆ పిల్ల అడగడానికి వీల్లేని మాట అది. మా అత్త కన్నీళ్లు తుడుచుకోలేదు. "నవ్వుమొఖం బిడ్డా" అని మొదలుపెట్టింది. ఖాజీ సాబ్ నిఖా ఖుత్బా చదవబోయి, పుస్తకం ఒళ్లో పెట్టుకొని ఆగాడు.